ఖాళీ బండికే పూజ

నేను చేసిన ఉద్యోగానికి సరైన పేరు లేదు. హిందూపురంలో రంగులు, రసాయనాలు అమ్మే ఒక చిన్న అంగడిలో, ధర్మవరం పోయే బండిలోకి ఏ సరుకు ఎక్కాలో, ఏది ఎక్కకూడదో చూడటం నా పని. కాగితాల్లో ‘స్టోర్ అసిస్టెంట్’ అని ఉండేది. మా డ్రైవర్ ఓబులేసు మాత్రం ఎవరడిగినా ‘బండి కాడుండే రత్నమ్మక్క’ అని చెప్పేవాడు. నాకు ఆ పేరే ఇష్టం.

ఇప్పుడు ఈ పనిలోకి ఆడపిల్లలు కూడా వస్తున్నారు. డిగ్రీలు చదివినవాళ్ళు. నేను బడికి పోలేదు. మా నాయన చింతపండు మార్కెట్లో తూకం వేసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక ముగ్గుపిండితో నేల మీద అక్షరాలు దిద్దించాడు. ఇంగ్లీషు అక్షరాలు అంగడిలో డబ్బాల మీద చూసి నేర్చుకున్నాను. పుస్తకంలో ఉండే నిబంధనలు మీరే చదువుకోగలరు, వాటికి నేను అక్కర్లేదు. అవి మన ఊళ్ళ రోడ్ల మీదికి వచ్చేసరికి ఏమవుతాయో, అది మాత్రం చెప్పగలను. నన్ను నమ్మి ఆ పనిలో నిలబెట్టిన దేవుడికీ మనుషులకూ దండం పెట్టుకుని చెబుతున్నాను.

సొంత బండి

ధర్మవరంలో పట్టు దారానికి రంగులు వేసే ఇళ్ళు మా ఖాతాదారులు. పచ్చి పట్టుకు ఉన్న జిగురు పోయేలా ఉడకబెట్టడానికి సోడా, సబ్బు కావాలి. రంగు దారానికి పట్టుకోవడానికి యాసిడ్ కావాలి. రంగు చెడిపోతే, దాన్ని తీసేసి మళ్ళీ వేయడానికి హైడ్రోస్ అనే తెల్లటి పొడి కావాలి.

యాసిడ్ అంటే అందరికీ భయమే. క్యాను చూస్తేనే దూరం జరుగుతారు. హైడ్రోస్‌ను చూసి ఎవరూ భయపడరు. చూడటానికి ఉప్పులా ఉంటుంది. నా లెక్కలో రెండింట్లోకి అదే గడుసుది. కాస్త తడి తగిలితే చాలు, తనంతట తానే వేడెక్కుతుంది, పొగలు కక్కుతుంది, అంటుకుంటుంది. దానికి యాసిడ్ తోడైతే వచ్చే గాలి పీల్చిన మనిషి ఊపిరి ఆడక పడిపోతాడు. అందుకే ఈ రెండూ ఒకే బండిలో పోకూడదు.

లారీ ఆఫీసులో వేస్తే వాళ్ళు నాలుగు ప్రశ్నలు అడుగుతారు. సొంత బండికి అడిగేవాడు ఉండడు. చిన్న వ్యాపారుల్లో ఒక ధీమా ఉంది: మన సరుకు, మన బండి, మన మనిషి, మధ్యలో నిబంధన ఏమిటి అని. చట్టం సరుకు పంపేవాడి మీద కొన్ని బాధ్యతలు పెట్టింది, మోసేవాడి మీద కొన్ని పెట్టింది. సొంత బండి పెట్టుకున్నవాడి నెత్తిన ఆ రెండూ పడతాయి. ఈ ఒక్క సంగతి అర్థమైతే మీకు సగం పని వచ్చినట్టే.

బండికి ప్రమాదాన్ని తెలిపే డైమండు గుర్తు ఉండాలి. సరుకు పేరు, ఫోన్ నంబరు ఉన్న పలక ఉండాలి. ప్రమాదం వస్తే ఏం చేయాలో రాసిన కార్డు డ్రైవరు చేతికి అందేచోట, డ్రైవరుకు వచ్చిన భాషలో ఉండాలి. ఇంగ్లీషులో అచ్చు వేసి అద్దం వెనక దోపిన కార్డుతో ఎవరి ప్రాణమూ నిలవదు. మా కార్డు తెలుగులో నేనే రాశాను, ఓబులేసు చేత చదివించాను. డ్రైవరుకు శిక్షణ ఉండాలి, ఆ సంగతి లైసెన్సులో ఎక్కాలి. చేతి తొడుగులు, కళ్ళద్దాలు ఉండాలి. అవి పెట్టెలో తాళం వేసి ఉండకూడదు.

మొదటిసారి ఆ డైమండు గుర్తు వేయమని ఒక పెయింటర్‌కు ఇచ్చాం. సాయంత్రం పోయి చూస్తే నాలుగు మూలలా నాలుగు తామరపూలు వేసి పెట్టాడు.

“ఇదేందబ్బా?” అన్నాను.

“బోసిగా ఉండాదక్కా. ముగ్గుకు పూలు లేకుంటే ఏం బాగుంటాది?”

“అది ముగ్గు గాదు. చూస్తే భయం పుట్టల్ల.”

“భయమా! నిమ్మకాయలు, మిరపకాయలు గట్టుకోపోండి మల్ల,” అని విసుక్కుంటూనే పూలు చెరిపేశాడు. వాడి దయవల్ల నాకు ఒకటి తెలిసింది. మనవాళ్ళకు బండి అంటే సరుకు మోసే ఇనుము మాత్రమే కాదు. ఇంట్లో ఆవుకు పెట్టినట్టే దానికి బొట్టు పెడతారు. నిబంధన చెప్పేవాళ్ళు ఆ బొట్టును లెక్కలోకి తీసుకోకపోతే, వాళ్ళ నిబంధన గోడకు వేలాడుతుంది, అంతే.

ఎక్కించుకోమనేవాళ్ళు

ఇంకో సంగతి మన రోడ్ల మీద తప్పదు. బస్సు కోసం ఎండలో నిలబడ్డవాళ్ళు సరుకు బండి కనబడితే చేయి ఎత్తుతారు. ఒకసారి నేనూ బండిలో ఉన్నాను. తాడిమర్రి పోవాల్సిన ఒక అవ్వ రోడ్డుకు అడ్డంగా నిలబడింది.

“ఏమబ్బా, ధర్మవరం దాకా ఎక్కించుకో. ఆన్నించి నేను పోతాలే.”

“యాడ ఎక్కించుకోవల్ల అవ్వా, డబ్బాలు నిండా ఉండాయి,” అన్నాడు ఓబులేసు.

“డబ్బాల మీదనే కూచుంటాలే. నేనేమన్నా ఏనుగునా?”

“అవి అంటుకుంటాయవ్వా.”

“అంటుకుంటే నీకేం, ముందర కూచున్నావు!” అని వాడిని వదిలి నా వైపు తిరిగింది. “ఆ యమ్మ మొగాన ఇంత బొట్టు పెట్టుకోని దర్జాగా కూచుండాది. ముసల్దాన్ని ఎండకు నిలబెట్టమని ఏ దేవుడు చెప్పినాడమ్మా నీకు?”

ఆ మాట నా మనసులో ముల్లులా గుచ్చుకుంది. అయినా ఎక్కించలేదు. బండి దిగి, వెనక వచ్చిన ఆటోను ఆపి, అవ్వను అందులో కూర్చోబెట్టి కదిలాం. అప్పటినుంచి మా బండికి అదే అలవాటు: కాదన్నచోట ఆగి, ఇంకో దారి చూపించి పోవాలి. ఊరికే కాదంటే జనం నిబంధనను తిడతారు. తిట్టిన నిబంధన ఎక్కువ రోజులు బతకదు.

ఆ శుక్రవారం

మా యజమాని నంజుండయ్య గారిని అందరూ సావుకారు అనేవాళ్ళు. ఆయన దగ్గర పని చేయడం నా అదృష్టం అని ఇప్పటికీ అనుకుంటాను. కష్టజీవి, భక్తుడు. ప్రతి శుక్రవారం ముహూర్తం చూసి, లోడు ఎక్కిన బండికి పూజ చేసేవాడు. అందరూ టెంకాయ బండి ముందు రాయి మీద కొడతారు. సరుకుకే దీవెన తగలాలని ఆయన బండి వెనక తలుపు అంచు మీద కొట్టేవాడు.

ఆ శుక్రవారం నేను అంగడికి పోయేసరికి బండిలో హైడ్రోస్ డబ్బాలూ యాసిడ్ క్యాన్లూ రెండూ ఎక్కి ఉన్నాయి. ధర్మవరంలో ఒక ఇంట్లో పెళ్ళి చీరల పట్టుకు రంగు చెడిపోయింది, రెండూ వెంటనే పంపమన్నారు.

“రెండూ ఒక బండిలో వద్దు సావుకారూ,” అన్నాను.

“మధ్యలో సబ్బు పెట్టెలు పెట్టినాం గదమ్మా.”

“సబ్బు పెట్టెలు గోడలు గావు.”

“ఊర్లో అందరూ ఇట్లనే పంపుతాండారు. వాళ్ళకేమన్నా అయితాందా?”

“అందరి సంగతి నాకెందుకు. మన బండి తోలేది ఓబులేసు. వానికి ఇద్దరు బిడ్లు.”

“ముగ్గురక్కా,” అన్నాడు ఓబులేసు తాడు ముడి వేస్తూ. “చిన్నదాన్ని మర్చిపోతాండావు.”

సావుకారు వాడినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. “సరే, దించు ఆ క్యాన్లు. ధర్మవరం ఆయప్ప తిడితే నీ పేరే చెప్తా.”

“చెప్పండి. రత్నమ్మ అని చెప్పండి, ఇంటి పేరు గూడా చెప్పండి.”

క్యాన్లు దిగాయి. అప్పుడు ఇంకో మాట కూడా అన్నాను: “పూజ లోడుకు ముందే చేసుకుంటే బాగుంటాది సావుకారూ. ఆ డబ్బాలకు తడి తగలకూడదు.”

ఆయన ముఖం మారిపోయింది. “ఏమ్మా, దీపం పెట్టకుండా గుక్కెడు కాఫీ తాగని మనిషివి. నువ్వే ఇట్లంటే ఎట్ల? ఒక మాటకు తలొంచినా. దేవుని కాడ గూడా నీ మాటేనా?” అని, ముహూర్తం దాటిపోతోందని టెంకాయ అందుకున్నాడు. ఎప్పటిలాగే వెనక తలుపు అంచు మీద కొట్టాడు. ఎప్పటిలాగే నీళ్ళు లోపలికి చిందాయి. అంతకుముందు రోజు చిల్లరగా అమ్మడానికి తెరిచిన డబ్బా ఒకటి ఆ అంచు పక్కనే ఉంది. దాని మూత చుట్టూ ఉండే ఇనుప పట్టీ గట్టిగా బిగించలేదని అప్పుడు ఎవరికీ తెలియదు.

హైడ్రోస్ ఎక్కడ దాచాలో చూపించడానికి నేనూ ధర్మవరం బయలుదేరాను. పెనుకొండకు ఈవల, ఎర్రమంచి దగ్గర ఓబులేసు అద్దంలో చూసి, “అక్కా, ఎనక పొగ,” అన్నాడు. అప్పటికి అక్కడ కార్ల ఫ్యాక్టరీ లేదు. రెండు పక్కలా వేరుశనగ చేలు. బండి పక్కకు తీసి ఆపాడు. దిగగానే అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే ఘాటు ముక్కుకు కొట్టింది.

గాలి ఎటు వీస్తోందో చూసి, పొగ రాని వైపుకు రమ్మన్నాను. ఓబులేసు అప్పటికే తొడుగులు వేసుకున్నాడు.

“ఒక్క డబ్బానే అక్కా. అంచులోనే ఉండాది. దాన్ని తోసేస్తే మిగతావి నిలుస్తాయి.”

“కింద నిలబడే తొయ్యి. బండి ఎక్కితే నా మీద ఒట్టే.”

వెనక తలుపు దించి, జాకీ రాడ్డుతో పొడిచి లాగాడు. డబ్బా రోడ్డు పక్కన పడింది. మూత ఊడి, తెల్లటి పొగ వాడి ముఖం మీదికి లేచింది. కళ్ళద్దాలు వేసుకోవడం మరిచాడు. అదే సమయానికి చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు, ఒక పెద్దాయన, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ బిందెలు ఎత్తుకుని పరుగున వచ్చారు.

“నీళ్ళు వద్దు! మన్ను ఎయ్యండి, మన్ను!” అని అరిచాను.

“మంటకు మన్నేందమ్మో! పిచ్చిగానీ పట్టిందా?” అని పెద్దాయన బిందె పైకెత్తాడు.

ఓబులేసు రెండు చేతులూ చాపి ఆయనకు అడ్డం నిలబడ్డాడు. వెనక పొగ, ముందు బిందెలు. దగ్గుతూనే చెప్పాడు: “నీళ్ళు పోస్తే దీనికి కిరసనాయిలు పోసినట్టే తాతా! నా మాట ఇను, నాకు ముగ్గురు బిడ్లు!”

కిరసనాయిలు అనేసరికి పెద్దాయన ఆగిపోయాడు. నేను ఓబులేసు చొక్కా పట్టి పొగలోంచి ఇవతలికి లాగేశాను. ఆ ఆడవాళ్ళు బిందెలు దించి, గంపలతో మన్ను ఎత్తి, నేను చూపించిన వైపు నుంచి పోశారు. పొగ కనబడకుండా పోయేదాకా పోశారు. మా ప్రాంతంలో నీళ్ళకు కరువు ఉందేమో గానీ, ఎండిన మన్నుకు ఎన్నడూ కరువు లేదు. పుట్టినప్పటినుంచి ఈ ఎండిన నేలను చూసి నిట్టూర్చినదాన్ని, ఆ రోజు వంగి దానికి దండం పెట్టాను.

ఆ బిందెల్లో నీళ్ళు మాత్రం వృథా పోలేదు. ఓబులేసును దూరంగా కూర్చోబెట్టి, వాడి కళ్ళలో ధారగా ఆ నీళ్ళే పోశాం. వాళ్ళు సాయంత్రం దాకా తాగాల్సిన నీళ్ళు. ఒక్కరూ వెనకాడలేదు. వాళ్ళ పేర్లు కూడా అడగలేకపోయాను. ఇప్పటికీ దీపం దగ్గర కూర్చున్నప్పుడు ఆ పేర్లు లేని మనుషులను తలుచుకుంటాను.

సావుకారి ప్రశ్న

పెనుకొండలో ఒక డాక్టరు కళ్ళు చూసి, చూపుకు ఏమీ కాలేదు అన్నాడు.  ఓబులేసు తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని బెంచీ మీద పడుకున్నాడు. కబురు తెలిసి సావుకారు పరుగున వచ్చాడు. వస్తూనే వాడి చేయి పట్టుకుని, “ఎట్లయిందమ్మా?” అని నన్ను అడిగాడు.

పొగ లేచిన డబ్బా ఏదో, అది ఎక్కడ ఉందో, టెంకాయ నీళ్ళు ఎటు చిందాయో చెప్పాను. 

“అంటే, నేను దేవునికి కొట్టిన టెంకాయే వీని కండ్ల మీదికి వచ్చిందా?”

నా ఉద్యోగంలో నేను జవాబు చెప్పాల్సిన కష్టమైన ప్రశ్న అదొక్కటే. అవునంటే ఆ మనిషి కుంగిపోతాడు. కాదంటే వచ్చే శుక్రవారం మళ్ళీ అదే జరుగుతుంది.

“దేవుని తప్పు లేదు, టెంకాయ తప్పు లేదు సావుకారూ. వరుస తప్పింది. పూజ ముందు, లోడు ఎనక. స్వామికి మనం ఎప్పుడు మొక్కినా ఒకటే. ఓబులేసు ఇల్లు చేరల్ల, మనకు కావాల్సింది అంతే గదా.”

తడిగుడ్డ కింది నుంచి ఓబులేసు అన్నాడు: “అక్క ఆ యాసిడ్ దించకుంటే, సావుకారూ, ఇంకో టెంకాయ నా సమాధి కాడ కొట్టాల్సి వచ్చేది.”

“నోరు మూయరా!” అని కసిరి, ఆయన కండువాతో ముఖం కప్పుకున్నాడు.

ఎందరో యజమానులను చూశాను. నిబంధన చదివి పాటించేవాళ్ళు తక్కువ. దెబ్బ తగిలాక పాటించేవాళ్ళు కొందరు. దెబ్బ తగిలాక కూడా డ్రైవరు మీద తోసేసేవాళ్ళే ఎక్కువ: వాడు చూసుకోలేదు, వాడు తాగాడు అంటారు. నంజుండయ్య గారు ఆ రోజు ఒక్క మాట కూడా ఓబులేసు మీద వేయలేదు. అందుకే ఆయన దగ్గర చివరిదాకా ఉన్నాను.

బెల్లం అచ్చు

తర్వాతి శుక్రవారం కొత్త చిక్కు వచ్చింది. ఖాళీ బండికి పూజ చేస్తే ఏడాదంతా ఖాళీగా తిరుగుతుందని మా వీధిలో నమ్మకం. పక్క అంగళ్ళవాళ్ళు వాకిట్లో నిలబడి నవ్వారు.

“ఏం సావుకారూ, సరుకు అయిపోయిందా? బండికి ఆకలి చూపిస్తాండావు!”

సావుకారు హారతి పళ్ళెం పట్టుకుని తడబడ్డాడు. నాకూ మనసు ఒప్పలేదు, నేనూ ఆ నమ్మకాల్లోనే పెరిగినదాన్ని. లోపలికి పోయి, కాఫీ పెట్టుకునే పొయ్యి దగ్గరున్న బెల్లం అచ్చు ఒకటి తెచ్చి, బండి మధ్యలో పెట్టాను.

“ఇప్పుడు బండి ఖాళీ లేదు. సరుకు ఉండాది,” అన్నాను.

సావుకారు ముఖం విప్పారింది. టెంకాయ బండి ముందు రాయి మీద కొట్టాడు. హారతి ఇచ్చాడు. తర్వాత తన భుజం మీది కండువాతోనే బండి లోపల తడి అంతా తుడిచాడు. ఆరిందని నేను చేత్తో తడిమి చెప్పాక డబ్బాలు ఎక్కాయి, ఒక్కో డబ్బా పట్టీ నేను లాగి చూశాక. ఆ బెల్లం ఓబులేసు దారిలో తినడానికి ఇచ్చాం.

రెండేళ్ళు గడిచేసరికి నవ్విన అంగళ్ళలో కూడా బెల్లం అచ్చు కనబడటం మొదలైంది. ఆయుధపూజ నాడు మా వీధిలో వరుసగా ఖాళీ బండ్లు, ఒక్కో బండిలో ఒక్కో బెల్లం అచ్చు. ఎందుకు పెడతారని కుర్రవాళ్ళను అడిగితే, “మా పెద్దోళ్ళ ఆచారం” అంటారు. నవ్వుకుంటాను. నిబంధన ఆచారమైపోతే దానికి ఇక కాపలా అక్కర్లేదు. నా పనిలో నేను గర్వపడేది ఏదైనా ఉందంటే అది ఇదే. గర్వం మంచిది కాదంటారు గానీ, ఈ ఒక్కదానికి స్వామి నన్ను క్షమిస్తాడులే.

చివరి రోజు

నేను పని మానేసిన రోజు కూడా శుక్రవారమే పడింది. అంగడి ఇప్పుడు సావుకారి కోడలు చూస్తోంది, చదువుకున్న పిల్ల, నా మాటకు విలువ ఇచ్చిన పిల్ల. ఆరోజు పొద్దున పూజ అయిపోయి, లోడు ఎక్కి, తాళ్ళు బిగించి బండి బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. అప్పుడు ఆ పిల్ల పళ్ళెంలో కర్పూరం, టెంకాయ, నీళ్ళ చెంబు పట్టుకుని వచ్చింది.

“అత్తా, ఈ రోజు బండికి మీ చేత్తో హారతి ఇవ్వాలి. మళ్ళీ ఎప్పుడిస్తారు?”

ప్రేమతో అడిగింది. కాదనడానికి నాకు నోరు రాలేదు. అందరూ చుట్టూ చేరారు. తొంభై దగ్గరపడ్డ నంజుండయ్య గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. చేతులు వణుకుతాయి గానీ చూపు చురుకే. నేను పళ్ళెం వైపు చేయి చాచబోయాను.

 తల నెరిసిన ఓబులేసు, కళ్ళద్దాలు సర్దుకుని, బండి వెనక్కు పోయి తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

“ఏం చేస్తాండావు మామా?” అంది కోడలు.

“హారతి ఇయ్యల్ల గదమ్మా. అందుకే దించుతాండా.”

“అన్నీ దించాలా? ముహూర్తం దాటిపోతుందే!”

కుర్చీలోంచి నంజుండయ్య గారు చేతికర్ర నేల మీద తాటించారు. “పోతే పోనీ ముహూర్తం! దించండప్పా!”

ఒక్కో డబ్బా దిగింది. నేను పళ్ళెం పట్టుకుని నిలబడి చూస్తూనే ఉన్నాను, అప్పటిదాకా ఆపుకున్న కన్నీళ్ళు ఆగలేదు. కోడలు లోపలికి పరుగెత్తి బెల్లం అచ్చు తెచ్చి బండి మధ్యలో పెట్టింది. హారతి ఇచ్చాను. నంజుండయ్య గారు లేవలేక, తన కండువా తీసి ఓబులేసు చేతికి ఇచ్చారు. ఓబులేసు తుడిచాడు. నేను చేత్తో తడిమాను. ఆరింది. డబ్బాలు మళ్ళీ ఎక్కుతుంటే ఒక్కో పట్టీ లాగి చూశాను.

బండి ఆలస్యంగా పోయింది. ధర్మవరంలో ఎవరో తిట్టే ఉంటారు.

ఇంటికి వచ్చి దీపం పెట్టి కూర్చున్నాను గానీ కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. ఎర్రమంచి రోజు నుంచి ధర్మవరం పోయినప్పుడల్లా ఇల్లు చేరగానే ఓబులేసు నాకు చెప్పాలి, అది మా ఇద్దరి మధ్య కట్టుబాటు. పని మానేశాను కదా, ఇక చేయడేమో అనుకున్నాను.

ఫోను మోగింది.

“ఇల్లు చేరినా అక్కా. బెల్లం మా చిన్నది తినేసింది.”